లింకు బతికితేనే సైటు: విద్యాసంస్థల్లో కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లు

న్యాక్ (ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను తూచే జాతీయ సంస్థ) గుర్తింపు కోసం కాలేజీ ఇచ్చే స్వీయ అధ్యయన నివేదికలో చాలా మెట్రిక్‌ల పక్కన ఒక లింకు అడుగుతారు. ఐక్యూఏసీ (కాలేజీలోని నాణ్యతా విభాగం) సమావేశాల మినిట్స్, ఫీడ్‌బ్యాక్ విశ్లేషణ, ఎక్స్‌టెన్షన్ కార్యక్రమాల ఫొటోలు, ఆడిట్ నివేదికలు కాలేజీ సొంత వెబ్‌సైటులో ఉండాలి, వాటి చిరునామా నివేదికలో రాయాలి. ఇచ్చిన వివరాలను సరిచూసే డీవీవీ దశలో ఆ లింకులు తెరిచి చూస్తారు. సరిగ్గా అప్పుడే చాలా యాజమాన్యాలకు సైటు పాతగా కనిపిస్తోందని అనిపిస్తుంది. కొత్త డిజైనుకు ఎవరికో ఆర్డరిస్తారు. కొత్త థీమ్ వస్తుంది, మెనూ మారుతుంది, పేజీల పేర్లు మారతాయి. నివేదికలో రాసిచ్చిన లింకులు ఒకటొకటిగా 404, అంటే 'పేజీ లేదు' అని చూపిస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమూ లేదు. ఏ పేజీ ఏ చిరునామాలో ఎన్నేళ్ళు ఉండాలి, దాన్ని ఎవరు చూసుకోవాలి అన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు.

విద్యాసంస్థల్లో కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌ల (సీఎంఎస్‌లు, అంటే సైటులో విషయం పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్‌లు) మంచిచెడ్డలు చాలావరకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, వర్డ్‌ప్రెస్సా, డ్రూపలా, మూడులా అనేది తర్వాతి మాట.

సీఎంఎస్ ప్రధానంగా చేసేది రాసిన విషయాన్ని, అది కనిపించే తీరును విడదీయడం. విషయం డేటాబేస్‌లో ఉంటుంది. రంగులు, మెనూలు, అక్షరాల సైజు థీమ్‌లో ఉంటాయి. ఎవరైనా పేజీ తెరిచినప్పుడు సర్వర్ ఈ రెంటినీ కలిపి చూపిస్తుంది. ఇవి రాకముందు కాలేజీ సైటంటే విడివిడి హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళ కట్ట. ప్రిన్సిపల్ మారితే పేరున్న ప్రతి ఫైలూ తెరిచి దిద్దాల్సి వచ్చేది. డ్రూపల్ 2001లో, వర్డ్‌ప్రెస్ 2003 మే 27న, జూమ్లా 2005లో వచ్చి ఆ బాధ తీర్చాయి. మూడూ ఓపెన్ సోర్స్, మూడూ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషతో నడిచేవి.

కాలేజీకి ఉండే పనులు మాత్రం ఒక రకానివి కావు. బయటివాళ్ళ కోసం వెబ్‌సైటు ఒకటి. తరగతిలో పాఠాలు, అసైన్‌మెంట్లు, క్విజ్‌లు నడిపేది ఇంకొకటి, దాన్ని ఎల్‌ఎంఎస్ అంటారు. ప్రాజెక్టు రిపోర్టులు, థీసిస్‌లు, పాత ప్రశ్నపత్రాలు దాచే భాండాగారం మూడోది. ఫీజులు, హాజరు, మార్కుల రికార్డు నాలుగోది. అది అసలు సీఎంఎస్ పనే కాదు, దానికి ఈఆర్‌పీ (సంస్థ లెక్కలు, రికార్డులు నడిపే సాఫ్ట్‌వేర్) వేరే ఉండాలి. చిన్న కాలేజీలు డబ్బు కలిసొస్తుందని ఈ నాలుగింటినీ ఒకే వర్డ్‌ప్రెస్‌లోకి ప్లగిన్‌లతో, అంటే అదనంగా జోడించే చిన్న ప్రోగ్రామ్‌లతో ఎక్కిస్తుంటాయి. ఏడాది తర్వాత ఆ సైటులో ముప్ఫై నలభై ప్లగిన్‌లు ఉంటాయి. ఒకదాన్ని అప్‌డేట్ చేస్తే ఇంకొకటి ఆగిపోతుంది. ఆ భయంతో ఎవరూ దేన్నీ అప్‌డేట్ చేయరు. హ్యాకర్‌కు కావలసిందీ అదే.

చిరునామా లెక్కలు

వర్డ్‌ప్రెస్‌లో పోస్టు, పేజీ అని రెండు రకాలు ఉంటాయి. నోటీసులు, వార్తలు పోస్టులుగా పెట్టాలి. విభాగాలు, సిలబస్, కమిటీలు పేజీలుగా పెట్టాలి. చాలామంది ఎడిటర్లకు తెలియని తేడా ఒకటి ఇక్కడ ఉంది. ప్రచురించిన పోస్టు చిరునామా మారిస్తే వర్డ్‌ప్రెస్ పాతదాన్ని గుర్తుపెట్టుకుని, వచ్చినవాళ్ళను కొత్తదానికి పంపిస్తుంది. పేజీలకు ఆ ఏర్పాటు లేదు. పేరును బట్టి దగ్గరగా ఉన్న పేజీని ఊహించి పంపే ప్రయత్నం ఒకటి చేస్తుంది గానీ ప్రతిసారీ అది కుదరదు. కాలేజీ సైటులో ముఖ్యమైనవన్నీ పేజీలే కాబట్టి, 'కామర్స్' పేజీని 'కామర్స్ అండ్ మేనేజ్‌మెంట్' పేజీ కిందికి జరిపితే పాత లింకులు తెగిపోవచ్చు. డిజైను మార్చేటప్పుడు ముందు పాత సైటులోని చిరునామాలన్నీ ఒక షీటులోకి తీయాలి. ప్రతి పాత చిరునామా పక్కన కొత్తది రాయాలి. దాన్నిబట్టి, పాతదానికి వచ్చినవాళ్ళను కొత్తదానికి పంపే 301 రీడైరెక్టులు పెట్టాలి. ఇది రెండు మూడు రోజుల పని. డెవలపర్ కొటేషన్‌లో ఈ పని ఉండదు, అడిగితే తప్ప చేయరు.

తెలుగు శీర్షికలు పెట్టే సంస్థలకు ఇంకో చిక్కు ఉంది. శీర్షికను చిరునామాగా మార్చేటప్పుడు వర్డ్‌ప్రెస్ తెలుగు అక్షరాలను శాతం గుర్తుల సంకేతాలుగా రాసుకుంటుంది. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు, అంటే మొత్తం 9. గుణింతం గుర్తూ, పొల్లూ, సున్నా కూడా విడి సంకేతాలే కాబట్టి 'తెలుగు' అన్న మాటకే 6 సంకేతాలు, 54 అక్షరాలు అవుతాయి. చిరునామాకు వర్డ్‌ప్రెస్ ఇచ్చే హద్దు 200 అక్షరాలు, అంటే దాదాపు 22 తెలుగు సంకేతాలు. 'డిగ్రీ మొదటి సంవత్సరం ప్రవేశాల ప్రకటన 2025-26' అని శీర్షిక పెడితే చిరునామా 'ప్రవేశాల'లోని 'ప్' దగ్గరే తెగిపోతుంది. మాట సగంలో ఆగిందన్నది ఒక ఇబ్బంది. అంతకన్నా పెద్దది, శీర్షిక చివర ఉన్న 2025-26 ఎగిరిపోవడం. వచ్చే ఏడాది అదే శీర్షికతో పెట్టిన ప్రకటనకూ అదే చిరునామా తయారై, చివర '-2' చేరుతుంది. పైగా వాట్సాప్ గ్రూపులో ఆ లింకు నాలుగు వరసల శాతం గుర్తులుగా కనిపిస్తే మోసపు లింకేమోనని విద్యార్థులు తెరవరు. శీర్షిక తెలుగులోనే ఉంచి, చిరునామా గడిలో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి పేరు, సంవత్సరం చేత్తో టైపు చేస్తే సరిపోతుంది. ప్రచురించే ముందే చేయాలి.

సైటు బయట పెట్టిన లింకులది వేరే కథ. న్యాక్ హడావిడిలో అధ్యాపకులు తమ సొంత గూగుల్ డ్రైవ్‌లో పీడీఎఫ్ పెట్టి ఆ లింకును సైటులో అతికిస్తారు. ఆ అధ్యాపకుడు బదిలీ అయ్యో, రాజీనామా చేసో వెళ్ళాక ఆ ఫైలు తెరిస్తే 'అనుమతి కోరండి' అని వస్తుంది. న్యాక్ గ్రేడు గడువు మామూలుగా 5 ఏళ్ళు, మధ్యలో ఏటా ఏక్యూఏఆర్ అనే వార్షిక నాణ్యతా నివేదిక ఇవ్వాలి. 5 ఏళ్ళు నిలబడాల్సిన ఫైలు వ్యక్తి ఖాతాలో ఉండకూడదు. డ్రైవే వాడాలనుకుంటే సంస్థ గూగుల్ వర్క్‌స్పేస్‌లో షేర్డ్ డ్రైవ్ తయారు చేసుకోవాలి. అక్కడి ఫైళ్ళు సంస్థవి, మనుషులు మారినా ఉంటాయి.

ఇలాంటి చిక్కును ముందే ఊహించి కట్టిన వ్యవస్థలు మన దేశంలోనే ఉన్నాయి. 2017 సెప్టెంబరు 5న మొదలైన, బడి పాఠాల డిజిటల్ వేదిక దీక్షా అందులో ఒకటి. తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన క్యూఆర్ కోడ్, దాని కింద 6 అక్షరాల సంకేతం ఉంటాయి. పుస్తకం ఒకసారి అచ్చయితే ఏళ్ళ తరబడి పిల్లల చేతుల్లో తిరుగుతుంది, వీడియో మాత్రం మారాల్సి రావచ్చు. అందుకని ఆ కోడ్‌లో వీడియో చిరునామా రాయలేదు. కోడ్‌కు, పాఠానికి ఉన్న సంబంధం డేటాబేస్‌లో ఉంటుంది. పాత వీడియో తీసి కొత్తది కలిపినా అచ్చులోని కోడ్ పనిచేస్తుంది. శోధ్‌గంగ కూడా అంతే. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ థీసిస్‌ల భాండాగారం డీస్పేస్ సాఫ్ట్‌వేర్ మీద ఉంది. ఎంఐటీ గ్రంథాలయాలు, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి 2002లో తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. ప్రతి థీసిస్‌కూ 10603తో మొదలయ్యే హ్యాండిల్ సంఖ్య ఒకటి వస్తుంది. సర్వర్ మారినా, సైటు రూపం మారినా ఆ సంఖ్య మారదు. కాలేజీ లైబ్రరీ తన ప్రాజెక్టు రిపోర్టులను వర్డ్‌ప్రెస్ అప్‌లోడ్‌లలో కుప్పగా పోయకుండా డీస్పేస్‌లో పెట్టమనడానికి కారణం కూడా ఇదే. అయితే డీస్పేస్ నడపడానికి జావా సర్వర్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చూసుకోగల మనిషి కావాలి. ఆ మనిషి లేని కాలేజీ పెట్టుకోకపోవడమే మేలు.

పీడీఎఫ్ కుప్పలు

కాలేజీ సైట్లలో విషయం సగానికి పైగా స్కాన్ చేసిన కాగితమే. సంతకం, స్టాంపు కనిపించాలన్న పట్టుదల వల్ల నోటీసు టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టించి, మళ్ళీ స్కాన్ చేసి, లేదా ఫోనుతో ఫొటో తీసి అప్‌లోడ్ చేస్తారు. గూగుల్ దాన్ని సరిగా చదవలేదు, కళ్ళు కనిపించని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్ అసలే చదవలేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016 అమల్లో ఉన్న దేశంలో ఇది చిన్న విషయం కాదు. నోటీసు సారాంశాన్ని పేజీలో మామూలు అక్షరాల్లో టైపు చేసి, సంతకం ఉన్న ప్రతిని కింద జోడిస్తే రెండు అవసరాలూ తీరతాయి. పాత కాగితాలు స్కాన్ చేసేటప్పుడు రంగుల్లో తీయనక్కర్లేదు. 300 డీపీఐ, గ్రేస్కేల్ చాలు, ఫైలు పరిమాణం తగ్గుతుంది. తర్వాత ఓసీఆర్ పొర వేయాలి, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తించి వెతకదగిన అక్షరాలుగా జోడించాలి. ఉచితంగా దొరికే టెసరాక్ట్‌కు తెలుగు కూడా వచ్చు. అచ్చు పాఠం శుభ్రంగా ఉంటే బాగానే గుర్తుపడుతుంది, ఒత్తులు దట్టంగా ఉన్నచోట తప్పులు దిద్దుకోవాలి.

'అను' లాంటి పాత ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో కూర్చిన పత్రికలు, సావనీర్లు మరీ మోసం చేస్తాయి. చూడ్డానికి తెలుగే. కాపీ చేసి సైటులో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం వస్తుంది. యూనికోడ్‌కు మార్చకుండా అవి వెతుకులాటకు దొరకవు.

మూడుల్: తరగతి వైపు

ఎల్‌ఎంఎస్‌లలో మన కాలేజీలకు బాగా తెలిసినది మూడుల్. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలోని కర్టిన్ యూనివర్సిటీలో వెబ్‌సీటీ అనే ఖరీదైన వ్యవస్థను చూసుకుంటున్న మార్టిన్ డూజియామాస్, దానితో విసిగి సొంతంగా రాసిన సాఫ్ట్‌వేర్ ఇది. మొదటి వెర్షన్ 2002 ఆగస్టు 20న వచ్చింది. చిన్నప్పుడు ఎడారి ప్రాంతంలో రేడియోలో పాఠాలు విని చదువుకున్న మనిషి కాబట్టి దూరంగా ఉన్న విద్యార్థి సంగతి ఆయనకు తెలుసు.

మూడుల్‌కు నాలుగు భాగాలు. ప్రోగ్రామ్ ఫైళ్ళు, డేటాబేస్, ఎక్కించిన ఫైళ్ళు చేరే మూడుల్‌డేటా అనే ఫోల్డర్, క్రాన్. మూడుల్‌డేటా ఫోల్డర్ వెబ్ ఫోల్డర్‌కు బయట ఉండాలి. లోపల పెడితే విద్యార్థుల జవాబు పత్రాలు లింకు ఊహించగలిగినవాడికల్లా దొరుకుతాయి. అందులో ఫైళ్ళు అసలు పేర్లతో ఉండవు, లోపలి విషయం నుంచి లెక్కగట్టిన పొడవాటి సంకేతంతో ఉంటాయి. ఒకే పీడీఎఫ్‌ను పదిమంది అధ్యాపకులు పెట్టినా డిస్కులో ఒక్కసారే చేరుతుంది. దీని మరో పక్క ఏమిటంటే డేటాబేస్ బ్యాకప్ లేకుండా ఆ ఫోల్డర్ ఒక్కదాన్నే దాచుకుంటే ఏ ఫైలు ఎవరిదో తేల్చలేరు. రెండింటి బ్యాకప్ ఒకే సమయంలో తీయాలి.

క్రాన్ అంటే నిమిషానికొకసారి వెనకాల నడిచే పని. ఇది ఆగిపోయినా సైటు మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు. క్విజ్ సమయం అయిపోయాక జవాబు పంపకుండా బ్రౌజర్ మూసేసినవాళ్ళ ప్రయత్నాన్ని తనంతట తానే సమర్పించేది క్రాన్. అది నడవకపోతే ఆ విద్యార్థుల పేరు పక్కన 'జరుగుతోంది' అనే ఉంటుంది, మార్కులు రావు. చాలా ఈమెయిళ్ళు కదలవు, రాత్రి బ్యాకప్‌లు జరగవు. ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లలో క్రాన్‌ను నిమిషానికొకసారి నడపనివ్వకపోవడం మామూలే. మూడుల్‌ను అక్కడ పెట్టొద్దనడానికి ఇదొక్కటే చాలు.

విద్యార్థుల పేర్లు ఎక్కించే రోజున జరిగే తప్పులు ఏటా ఒకేలా ఉంటాయి. పరీక్షల విభాగం ఇచ్చిన ఎక్సెల్ షీటులో పన్నెండు అంకెల హాల్ టికెట్ నంబర్లు ఉంటాయి. ఎక్సెల్ వాటిని పెద్ద సంఖ్యలుగా భావించి కుదించి చూపిస్తుంది. ఆ షీటును అలాగే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఫైలుగా) దాస్తే చివరి అంకెలు పోతాయి, తరగతి మొత్తానికి ఒకటే లాగిన్ వచ్చినట్టు అవుతుంది. ఆ నిలువు వరసను ముందే 'టెక్స్ట్'గా మార్చాలి. తెలుగులో పేర్లుంటే మామూలు సీఎస్‌వీ కాకుండా 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోవాలి, లేకపోతే పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి. మూడుల్‌లో యూజర్‌నేమ్ చిన్న అక్షరాల్లోనే ఉండాలి. ఇంజనీరింగ్ కాలేజీల రోల్ నంబర్లలో పెద్ద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి కాబట్టి అవి ఎక్కించేటప్పుడే చిన్నవైపోతాయి, ఈ సంగతి విద్యార్థులకు ముందే చెప్పాలి. ఒక్కొక్కరినీ ఒక్కో కోర్సులో చేర్చే బదులు సెక్షన్‌కు ఒక కోహార్ట్ (విద్యార్థుల గుంపు) చేసి, దాన్ని కోర్సులకు కలిపితే సెక్షన్ మారినవాళ్ళను ఒకచోట మారిస్తే చాలు.

కోర్సు పొట్టి పేరు మూడుల్ మొత్తంలో ఒక్కటే ఉండాలి. 'డేటాబేస్ సిస్టమ్స్' అని పెట్టేస్తే వచ్చే ఏడాది అదే పేరు పెట్టనివ్వదు. రెగ్యులేషన్ (ఆ బ్యాచ్‌కు వర్తించే సిలబస్ నియమావళి), సబ్జెక్టు కోడ్, విద్యా సంవత్సరం, సెక్షన్ ఇదే వరసలో కలిపిన పేరు మొదటి రోజే నిర్ణయించుకోవాలి. రెండు రెగ్యులేషన్లు పక్కపక్కన నడిచే కాలంలో ఇది లేకపోతే బ్యాక్‌లాగ్ విద్యార్థి వేరే సిలబస్ కోర్సులో తేలతాడు. ఏడాది మారినప్పుడు పాత కోర్సును ఖాళీ చేసి వాడకూడదు, నకలు తీసి కొత్త పేరు పెట్టాలి. పాతది దాచి ఉంచాలి. మార్కులపై ఫిర్యాదు వచ్చినప్పుడు చూపించాల్సింది అదే.

అసైన్‌మెంట్ అప్‌లోడ్ కావడం లేదన్న ఫిర్యాదు వెనక నాలుగైదు హద్దులు ఉంటాయి. పీహెచ్‌పీలో ఫైలుకు మొదట ఉండే హద్దు 2 ఎంబీ, మొత్తం అభ్యర్థనకు 8 ఎంబీ. ముందు ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే దానిది 1 ఎంబీ. ఆపైన మూడుల్ సైటు హద్దు, కోర్సు హద్దు, అసైన్‌మెంట్ హద్దు. వీటిలో అతి చిన్నదే చెల్లుతుంది. మూడుల్‌లో 50 ఎంబీ పెట్టి, సర్వర్‌లో మార్చకపోతే విద్యార్థికి 413 అనే సంఖ్య తప్ప ఏమీ కనిపించదు. పెద్ద తరగతుల గ్రేడ్‌బుక్ సేవ్ చేసినప్పుడు కొన్ని మార్కులు మాయమైతే చూడాల్సింది పీహెచ్‌పీలోని 'మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్' అమరిక. మొదట 1000 ఉంటుంది, మూడుల్‌కు 5000 కావాలి.

అసలు పరీక్ష క్విజ్ రోజున. 300 మంది ఒకేసారి 10 గంటలకు క్విజ్ రాయాలి, సర్వర్ 4 కోర్లు, 8 జీబీ ర్యామ్ అనుకుందాం. డేటాబేస్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ 3 జీబీ పోతే 5 మిగులుతుంది. ఒక్కో పీహెచ్‌పీ ప్రక్రియకు 80 ఎంబీ చొప్పున అరవై దాకా నడుస్తాయి. ఒక్కో పేజీకి 0.3 సెకన్ల ప్రాసెసర్ సమయం పడితే 4 కోర్లు సెకనుకు 13 పేజీలు ఇవ్వగలవు. లాగిన్, డ్యాష్‌బోర్డ్, కోర్సు, క్విజ్, ప్రయత్నం మొదలు, ఇలా ఒక్కొక్కరికి 5 పేజీలు. 300 మంది ఒకే నిమిషంలో దిగితే 1500 పేజీలు, అంటే సెకనుకు 25. సగం మంది తిరుగుతున్న చక్రం చూస్తూ కూర్చుంటారు. మళ్ళీ మళ్ళీ రీఫ్రెష్ నొక్కి బరువు రెట్టింపు చేస్తారు. కొత్త సర్వర్ కొనకుండానే దీన్ని తగ్గించవచ్చు. పావుగంట ముందే లాగిన్ చేయించి నేరుగా క్విజ్ పేజీ లింకు ఇస్తే 10 గంటలకు ఒక్కొక్కరు అడిగేది ఒకటి రెండు పేజీలే. సెక్షన్ల వారీగా ఐదేసి నిమిషాల తేడా పెడితే ఇంకా తేలిక. క్విజ్ మొదలయ్యాక జవాబులు నిమిషానికోసారి వాటంతటవే సేవ్ అవుతాయి, 300 మందికి అది సెకనుకు 5 అభ్యర్థనలు. పేజీకి ఒక ప్రశ్న పెడితే ప్రతి 'తరువాత' నొక్కుకూ ఇంకొకటి. పేజీకి ఐదు ప్రశ్నలు పెట్టడం మంచిది.

పీహెచ్‌పీ ప్రక్రియలను ఒక్కసారిగా 300కు పెంచితే పరిష్కారం దొరికినట్టు అనిపిస్తుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మొదట అనుమతించేది 151 కనెక్షన్లు. అది దాటగానే క్విజ్ బదులు డేటాబేస్ ఎర్రర్ వస్తుంది, ర్యామ్ కూడా చాలదు. టైమ్‌జోన్ కూడా ఒకసారి చూసుకోవాలి. సైటు యూటీసీ అనే అంతర్జాతీయ సమయంలో ఉంటే ఉదయం 10కి పెట్టిన క్విజ్ మధ్యాహ్నం 3.30కి తెరుచుకుంటుంది.

ప్రశ్నలు ఎక్కించడానికి అధ్యాపకులకు తేలికైనది ఐకెన్ పద్ధతి. నోట్‌ప్యాడ్‌లో ఒక వరసలో ప్రశ్న, కింద నాలుగు వరసల్లో ఎంపికలు, ఆ కింద జవాబు. ప్రశ్న తెలుగులో ఉండొచ్చు, ఎంపికల ముందున్న ఏ, బీ, సీ, డీలు, 'ఆన్సర్' అన్న మాట మాత్రం పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. ప్రశ్న మధ్యలో ఎంటర్ నొక్కితే ఫైలు చదవదు. తెలుగు సర్టిఫికెట్ల దగ్గర మాత్రం నిరాశే. మూడుల్ పీడీఎఫ్‌లు తయారుచేసే టీసీపీడీఎఫ్ లైబ్రరీకి తెలుగు ఒత్తులు కలపడం రాదు. 'కృష్ణ' అని ఉండాల్సిన చోట ణ కిందికి దిగకుండా ష్ పక్కనే నిలబడుతుంది. పేర్లు ఇంగ్లీషులో వేయడమో, సర్టిఫికెట్లు బయట తయారుచేసి జోడించడమో చేయాలి.

ఇంత తలనొప్పి ఎందుకు, గూగుల్ క్లాస్‌రూమ్ చాలదా అంటే, నలుగురు అధ్యాపకులు, వంద మంది విద్యార్థులున్న చోట చాలు. ప్రశ్నల నిధి, కోర్సులను ఏటేటా దాచుకోవడం కావలసిన అటానమస్ కాలేజీకి చాలదు.

సైటు బాగానే ఉంది, గూగుల్‌లో మాత్రం క్యాసినో

విద్యాసంస్థల డొమైన్‌లకు సెర్చ్ ఇంజన్లలో మంచి పేరు ఉంటుంది. ఆ పేరు వాడుకోవడానికే హ్యాకర్లు కాలేజీ సైట్లలోకి దూరతారు. ప్రిన్సిపల్ తెరిస్తే మామూలు హోం పేజీయే కనిపిస్తుంది, గూగుల్ రోబో వచ్చినప్పుడు మాత్రం జూదం, మందుల అమ్మకాల పేజీలు చూపిస్తారు. కనిపెట్టాలంటే గూగుల్‌లో 'సైట్' అని ఇంగ్లీషులో రాసి, కోలన్ పెట్టి, కాలేజీ డొమైన్ పేరు టైపు చేసి ఫలితాలు చూడాలి. నెలకోసారి చేయదగిన పని. ఉచితంగా దొరికిందని పెట్టుకున్న దొంగ థీమ్‌లు, వదిలేసిన ప్లగిన్‌లు, అందరూ పంచుకునే ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్, ఇవే ఎక్కువగా వాడే దారులు. స్పామ్ పేజీలు తీసేయడం ఒక్కటే చాలదు. ప్రోగ్రామ్ ఫైళ్ళన్నీ కొత్తగా దింపుకుని మార్చాలి, తెలియని అడ్మిన్ ఖాతాలు తొలగించాలి, అప్‌లోడ్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్ళేమైనా దాగాయేమో వెతకాలి, కాన్ఫిగ్ ఫైలులోని రహస్య తాళాలు మార్చాలి. ఒక్కటి వదిలినా వారంలో మళ్ళీ వస్తుంది.

అప్‌డేట్ ఎంత త్వరగా చేయాలో చెప్పడానికి డ్రూపల్ అనుభవం చాలు. 2014 అక్టోబరు 15న ఒక లోపం బయటపెట్టి సవరణ ఇచ్చారు. 7 గంటల్లోపు సవరణ పెట్టని సైట్లు చొరబాటుకు గురైనట్టే భావించమని డ్రూపల్ భద్రతా బృందమే తర్వాత చెప్పింది. ఇక డ్రూపల్ 7కు అధికారిక మద్దతు 2025 జనవరి 5తో ముగిసింది. దానిపై నడిచే సైట్లకు వాయిదా వేయడానికి ఏమీ మిగల్లేదు. మూడుల్‌లో అయితే ఎక్కువ కాలం సవరణలు వచ్చే ఎల్‌టీఎస్ వెర్షన్ ఎంచుకుని వేసవి సెలవుల్లో మార్చుకోవడం కాలేజీ క్యాలెండర్‌కు సరిపోతుంది. 4.5 అలాంటిది.

సర్వర్ కన్నా ముందు చూడాల్సింది డొమైన్ ఎవరి పేరున ఉందన్నది. ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్ పేర్లు ఎర్నెట్ ఇండియా ద్వారా రిజిస్టర్ అవుతాయి. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఈమెయిల్, ఫోను పాత డెవలపర్‌వి అయితే రెన్యువల్ సందేశం కాలేజీకి చేరదు. పదవి పేరుతో ఉన్న సంస్థ ఈమెయిల్ ఇవ్వాలి, వ్యక్తి పేరుతో ఉన్నది కాదు.

ఎవరికి ఏ అధికారం

వర్డ్‌ప్రెస్‌లో అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్ అని ఐదు స్థాయిలు ఉన్నాయి. కాలేజీల్లో వాడేది మొదటిదొక్కటే. అందరికీ అదే పాస్‌వర్డ్. విభాగం నుంచి రాసేవారికి కంట్రిబ్యూటర్ చాలు, వాళ్ళు రాస్తారు గానీ ప్రచురించలేరు. ఐక్యూఏసీ కోఆర్డినేటరో, వెబ్ కమిటీ కన్వీనరో ఎడిటర్. అడ్మినిస్ట్రేటర్లు ఇద్దరు మించకూడదు. ఒక్కరే అయితే ఆ ఒక్కరూ సెలవు పెట్టిన రోజే సైటు పడిపోతుంది. ప్రతి పేజీకి బాధ్యుడి పదవి, తిరిగి చూడాల్సిన నెల ఒక షీటులో రాసి పెట్టుకుంటే, రెండేళ్ళ క్రితం రిటైరైన హెడ్ పేరు ఇంకా విభాగం పేజీలో ఉండడం లాంటివి తగ్గుతాయి.

చిరునామాలు ఎంత స్థిరంగా ఉండాలో, కొన్ని ఫైళ్ళు అంత తొందరగా పోవాలి. స్కాలర్‌షిప్ రుజువుగా పెట్టిన జాబితాల్లో విద్యార్థుల ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబర్లు అలాగే ఉండిపోవడం కాలేజీ సైట్లలో కనిపిస్తూనే ఉంటుంది. ఆధార్ నంబర్లను బహిరంగంగా ప్రచురించడాన్ని 2016 చట్టం నిషేధించింది. వర్డ్‌లో నల్ల పెట్టె గీసి పీడీఎఫ్ చేస్తే కింద అంకెలు అలాగే ఉంటాయి, కాపీ చేస్తే బయటపడతాయి. ఆ నిలువు వరసను షీటులోనే తీసేసి కొత్త పీడీఎఫ్ చేయాలి. ఇప్పటికే పెట్టేసిన ఫైలు విషయంలో పేజీ నుంచి లింకు తీసేస్తే ఫైలు పోదు, మీడియా లైబ్రరీ నుంచి తొలగించాలి. అదే ఫైలును రెండోసారి ఎక్కించి ఉంటే '-1' చేరిన పేరుతో ఇంకో ప్రతి ఉంటుంది, దాన్నీ వెతకాలి. తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో తొలగింపు కోరాలి. ఆ తొలగింపు దాదాపు 6 నెలలే పనిచేస్తుంది, ఆ గడువు దాటేసరికి అసలు ఫైలు ఇంకా సర్వర్‌పై ఉంటే గూగుల్ మళ్ళీ చూపిస్తుంది.